ఇజ్రాయెల్ స్వాతంత్ర్య దినం: ప్రార్థన కాదు, గడ్డం చూడండి!

హల్లెల్ అనే స్తుతి కీర్తనలు చదవాలా వద్దా? చదివితే ముందు ఆశీర్వచనం చెప్పాలా వద్దా? యోమ్ హాట్జ్‌మావుత్ (అదే, ఇజ్రాయెల్ స్వాతంత్ర్య దినం) వస్తోందంటే చాలు, ఏటా ఇదే గోల! నేనొక మాట చెప్తా, తిట్టుకున్నా సరే. దీన్ని నిజంగా పండగ అనుకునేది ఎవరో తెలియాలంటే ప్రార్థన పుస్తకం తెరవక్కర్లేదు. గడ్డం చూడండి. అంతే!

ఎందుకంటారా? హీబ్రూ క్యాలెండర్లో ఇది ఇయార్ 5. 1948 మే 14, శుక్రవారం. చీకటి పడి సబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతి దినం) మొదలైతే కుదరదని, తొలి ప్రధాని బెన్ గురియన్ సాయంత్రంలోపే స్వాతంత్ర్య ప్రకటన చదివేశారు. ఆ తేదీ ఎక్కడ పడిందో చూడండి: ఓమెర్ మధ్యలో! పస్కా పండగ నుంచి షావువోత్ పండగ దాకా లెక్కపెట్టే 49 రోజులు. ప్రాచీన మతగురువు రబ్బీ అకీవా శిష్యులు 24 వేల మంది పోయారన్న దుఃఖంతో వీటిలో చాలా రోజులు పెళ్లిళ్లు ఉండవు, క్షవరం ఉండదు. మన మూఢం గుర్తొచ్చిందా? మూఢంలో మనం సెలూన్ మానేయం కదా, వాళ్లు అదీ మానేస్తారు.

ముందు రోజేమో అమర సైనికుల సంస్మరణ దినం. పొద్దున 11 గంటలకు రెండు నిమిషాల సైరన్. హైవే మీద కార్లు ఆపేసి, దిగి, తల వంచుకుని నిలబడతారు. అదే సాయంత్రం మతనిష్ఠ ఉన్న ఓ జాతీయవాద కుర్రాడు మూడు వారాల గడ్డంతో అద్దం ముందుకొస్తాడు. చీకటి పడితే పండగ, మాసిన మొహంతో గుడికెలా వెళ్తాడు? ఎలక్ట్రిక్ షేవర్ తీస్తాడు. హల్లెల్ గొణిగినా ఎవరికీ వినపడదు సార్! తీసేసిన గడ్డం మాత్రం మర్నాడు వీధంతా చూస్తుంది.

హల్లెల్ అంటే ఆరు కీర్తనలే, 113 నుంచి 118. గొడవంతా వాటి ముందు వచ్చే ఆశీర్వచనంతో. 'మాకు ఆజ్ఞాపించినవాడా' అంటారు అందులో. దేవుడు ఆజ్ఞాపించకపోతే ఆయన పేరు వృథాగా పలికినట్టే! 1974లో చీఫ్ రబ్బీ ష్లోమో గోరెన్ ఆశీర్వచనంతోనే చదవమన్నారు. మరో పెద్ద రబ్బీ ఒవాడియా యోసెఫ్ హల్లెల్ చదవండి, ఆశీర్వచనం వద్దన్నారు. ఇజ్రాయెల్ రాజ్యాన్నే ఒప్పుకోని సత్మార్ అనే హసిడిక్ వర్గం వాళ్లకైతే అది ఏడవాల్సిన రోజు.

ఇంకో తమాషా. ఇయార్ 5 బుధవారం వస్తేనే ఆ రోజు జరుపుతారు. శుక్ర, శనివారాలైతే ముందుకు జరిపి గురువారం, సోమవారమైతే మంగళవారం. ఎందుకు? ఏర్పాట్ల పేరుతో సబ్బాతు చెడకూడదని. బార్బెక్యూ పొగల్లో పార్కులు మునిగిపోయే సెక్యులర్ సెలవు కూడా సబ్బాతు ముందు వంగాల్సిందే. దీన్ని మతంలేని పండగ అంటారేంటండీ!

సరే, నా థియరీకి ఒక్క చోట దెబ్బ. బ్నేయ్ బ్రాక్‌లోని పోనెవెజ్ యెషివా, అంటే మత విద్యాలయం. పక్కా హరేదీ (అతి కట్టుదిట్టమైన యూదు సంప్రదాయం), అక్కడ హల్లెల్ లేదు. కానీ ఆ రోజు కప్పు మీద ఇజ్రాయెల్ జెండా ఎగురుతుంది, స్థాపకుడు రబ్బీ కహానెమన్ పెట్టిన ఆనవాయితీ. గడ్డాలా? అక్కడి పెద్దల్లో చాలామందికి ఏడాదంతా ఉంటాయి, ఏం కొలుస్తాం!