భృతి సరే, పైసలు ఎవరు పెట్టాలి?

అందరికీ నమస్కారం. నేరుగా విషయానికి వస్తా. దేశం ఆర్థిక సంక్షోభంలో పడితే, పని పోయిన మనిషికి ఇచ్చే భృతి ఎవరి ఖజానా నుంచి రావాలి? కేంద్రం నుంచి రావాలి, అది కూడా ఆ రోజు ఎవరి దయ మీదో ఆధారపడకుండా చట్టంలో ముందే రాసి ఉండాలి అంటాను నేను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి ముంబై, పుణె పోయిన మన పాలమూరు లేబర్ సైట్ల మీదనే చిక్కుకుపోయారు. మన తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్న ఇంటికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. మరుసటి ఏడాది బడులు మూతపడితే ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఇచ్చింది, కాదనను. కానీ కిరాయి, కరెంటు బిల్లు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, ఇవన్నీ ఆ 2,000తో తీరుతాయా? షాపులు బంద్ ఉంటే జీఎస్టీ రాదు, రిజిస్ట్రేషన్లు ఆగిపోతాయి, పెట్రోలు మీద పన్ను పడిపోతుంది, అంటే జనానికి పైసలు ఎక్కువ కావాల్సిన నెలలోనే రాష్ట్రం చేతిలో తక్కువ ఉంటాయి, పోనీ అప్పు తెద్దామంటే దానికీ కేంద్రం పెట్టిన పరిమితి ఉంటుంది.

ఉపాధి హామీ సంగతి చూడండి, మనవాళ్లు కరువు పని అంటారు కదా. 2006లో మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలని 2005 చట్టంలోనే రాశారు, మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత సగం. మీ ఊళ్లో ఎవరికైనా అందిందా? కూలి కేంద్రం ఇస్తుంది, భృతి మాత్రం రాష్ట్రం ఇవ్వాలి అన్నారు, అక్కడే దెబ్బ పడింది. పని అడిగినట్టు తేదీ వేసి రసీదు ఇస్తే భృతి బాకీ పడుతుంది కాబట్టి చాలా చోట్ల అసలు రసీదే ఇవ్వలేదు. 2025 డిసెంబరులో ఆ 2005 చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టం పని రోజులను 125 చేసింది గానీ, మనలాంటి రాష్ట్రాల మీద 40 శాతం ఖర్చు వేసింది. నాకు భయం కలిగిస్తున్నది ఇదే.

ఈఎస్ఐ, అంటే కంపెనీల్లో జీతానికి పనిచేసేవాళ్ల బీమా, ఉన్నవాళ్లకు 2020లో పని పోతే జీతంలో సగం, 90 రోజుల దాకా ఇచ్చే ఏర్పాటు చేశారు. మంచిదే, కానీ అడ్డా కూలీకి ఈఎస్ఐ కార్డు ఎక్కడిది? పీఎఫ్ తీసుకోండి అన్నారు. మన ముసలితనానికి దాచుకున్న సొమ్ము మనకే ఇచ్చి దాన్ని సాయం అంటే ఎట్లా?

అమెరికాలో అదే ఏడాది రాష్ట్రాలు ఇచ్చే భృతి మీద కేంద్ర ప్రభుత్వం వారానికి 600 డాలర్లు కలిపి ఇచ్చింది, సొంతంగా పని చేసుకునేవాళ్లకు కూడా. జూలై చివరికి గడువు అయిపోయింది, పొడిగించాలా వద్దా అని పార్టీలు కొట్లాడుకుంటుంటే జనం టెన్షన్‌తో ఎదురుచూశారు. ముందే రాసి ఉండాలి అని నేను పట్టుబట్టేది అందుకే.

పైసలు లేవు అనకండి. 2020 మేలో ఇదే కేంద్రం ఉపాధి హామీకి బడ్జెట్‌లోని 61,500 కోట్లకు తోడు ఇంకో 40,000 కోట్లు ఇచ్చింది. నిరుద్యోగం లెక్క 2025 నుంచి నెలనెలా వస్తోంది. ఆ లెక్క ఒక గీత దాటగానే, ఎవరూ దరఖాస్తు పెట్టకముందే, కేంద్రం డబ్బు జిల్లాకు చేరాలి, కోస్గి కూలీ ముంబైలో ఉన్నా అక్కడే అందాలి. మీ ఎంపీ ఊరికి వస్తే ఈ రెండూ అడగండి.