వద్దుమాటల ఆట: తెలుగు కార్డులు తయారు చేసుకునే పద్ధతి

సభలో ఉన్న పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

ఈ ఆట అసలు పేరు టబూ. బ్రయాన్ హెర్ష్ రూపొందించగా అమెరికాలో పార్కర్ బ్రదర్స్ కంపెనీ 1989లో విడుదల చేసింది. తర్వాత హాస్‌బ్రో అనే మరో కంపెనీ చేతికి వచ్చింది. ఆడే తీరు సులువు. రెండు జట్లు, జట్టుకు కనీసం ఇద్దరు. ఒకరు కార్డు తీసి, పైన ఉన్న మాటను తన జట్టు వాళ్ళ చేత చెప్పించాలి. దాని కింద ఐదు వద్దుమాటలు ఉంటాయి. అవి నోట రాకూడదు, పై మాటలోని ముక్క గానీ, వద్దుమాటలోని ముక్క గానీ రాకూడదు. గడువు ఒక్క నిమిషం. అవతలి జట్టు మనిషి వెనక నిలబడి కార్డు చూస్తూ, తప్పు దొర్లగానే బజర్ నొక్కుతారు.

ఇంగ్లీషు డబ్బా కొనుక్కొచ్చి కార్డుల్ని తెలుగులోకి మార్చేద్దాం అనుకునేవాళ్ళు ఆ పని పెట్టుకోకండి. వద్దుమాటలంటే ఆ మాట వినగానే ఆడేవాళ్ళ నోటికి ముందుగా వచ్చేవి. అమెరికా వాళ్ళ నోటికి వచ్చేవి మన నోటికి రావు. రాని మాటను నిషేధిస్తే ఎవరికీ అడ్డం పడదు, ఆట చప్పబడిపోతుంది. మన కార్డులు మనమే రాసుకోవాలి.

ఒక కార్డు రాసి చూద్దాం. పై మాట ఆవకాయ. దీన్ని ఐదుగురికి విడివిడిగా చెప్పి, వెంటనే తోచిన ఐదు మాటలు కాగితం మీద రాయమనండి. ఒకరిది ఒకరు చూడకూడదు. ఎక్కువ మంది రాసినవే మన వద్దుమాటలు. మామిడి, పచ్చడి, కారం, జాడీ, నూనె అని వచ్చాయనుకోండి. ఇప్పుడు రెండో పరీక్ష. ఈ ఐదూ తీసేశాక దారి మిగిలిందా? "ఎండాకాలంలో ఏడాదికి సరిపడా పెట్టుకుంటాం, టెంకతో సహా ముక్కలు కొట్టిస్తాం, మూడో రోజు తిరగ కలుపుతాం" అనొచ్చు. దారి ఉంది, కార్డు మంచిదే. పదిహేను సెకన్లు గడిచినా ఏమీ తోచకపోతే ఐదింట్లో ఒకటి మార్చాలి. కార్డు కష్టంగా ఉండాలి గానీ మూసుకుపోకూడదు.

ఐదూ ఒకే వైపు నుంచి తీసుకోవడం కొత్తగా రాసేవాళ్ళు తరచుగా చేసే పొరపాటు. ఆవకాయకు మామిడి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అని దినుసులన్నీ రాసేస్తారు. అప్పుడు ఆడేవారు "జాడీలో పెట్టే పచ్చడి" అంటే చాలు, రెండు సెకన్లలో అయిపోతుంది. ఏ జాతిదో చెప్పే మాట ఒకటి, దేనితో చేస్తారో ఒకటి, ఎక్కడ ఉంటుందో ఒకటి, జంటగా పలికే మాట ఒకటి అలా నాలుగు వైపులా కంచె వేయాలి. ఓపిక లాంటి కంటికి కనపడని వాటికి సహనం, కోపం, తొందర, శాంతం, ఎదురుచూపు సరిపోతాయి. అక్కడ వ్యతిరేక పదం తప్పనిసరి. ఎందుకంటే అందరూ మొదట దాన్నే పట్టుకుంటారు.

అసలు చిక్కంతా మన భాష నడకలో ఉంది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి.

తెలుగులో మాట ఒంటరిగా తిరగదు. విభక్తి చేరుతుంది, సంధిలో రూపం మారుతుంది. కార్డు మీద 'తిను' ఉంటే తిన్నాను, తింటాం, తినిపించు మాత్రమే కాదు, తిండి కూడా తప్పే. 'వచ్చు' ఉంటే రావాలి, రమ్మను, రాలేదు అన్నీ తప్పే. అక్షరాలు కలవకపోయినా క్రియ ఒకటే కదా. ఇక ఆవకాయ కార్డులో ఎవరైనా "ఊరగాయ" అన్నారనుకోండి. గొడవ మొదలవుతుంది. అందులో ఉన్నది కాయే, సంధిలో 'గాయ' అయింది. పై మాటలోని ముక్క పలికినట్టే, కాబట్టి బజర్ నొక్కాల్సిందే. సంధిలో మారిన ముక్కా నిషిద్ధమేనని ఆట మొదలుపెట్టే ముందే అందరికీ వినపడేలా చెప్పండి. మధ్యలో చెబితే ఓడిన జట్టు ఒప్పుకోదు.

కార్డు రాసేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చేయు, పెట్టు, పడు, వేయు, కొట్టు, ఉండు వంటి క్రియల్ని వద్దుమాటలుగా రాయకండి. ఆవకాయకు 'పెట్టు' రాయాలనిపిస్తుంది, నిజమే, ఆవకాయ పెడతారు. కానీ ఈ క్రియలు మన ప్రతి రెండో వాక్యంలో సాయానికి వస్తాయి. "గట్టిగా మూత పెట్టి" అన్నా బజర్ మోగుతుంది. అది ఆడేవారి తప్పు అనిపించుకోదు, కార్డు తప్పు. 'చేయి' మరీ ప్రమాదం. శరీరంలో చేయి, పని చేయి రెండూ ఒకే రూపంలో ఉన్నాయి.

తర్వాత ఇంగ్లీషు. పచ్చడి వద్దంటే పికిల్ అంటారు, మామిడి వద్దంటే మ్యాంగో అంటారు. దీన్ని ఒప్పుకుంటే మీ ఐదు మాటలకూ విలువ లేదు. వద్దుమాటకు సరిగ్గా అదే అర్థమున్న ఇంగ్లీషు, హిందీ మాటలు కూడా తప్పే అని నియమం పెట్టండి. తెలుగు పర్యాయపదాన్ని మాత్రం వదిలేయండి. నీళ్ళు వద్దన్నప్పుడు జలం అని తట్టిన పిల్లకు పాయింటు దక్కాలి. ఇది నా గట్టి అభిప్రాయం, ఎవరు కాదన్నా మార్చుకోను. పిల్లలు తెలుగు మాట కోసం తడుముకుని వెతికేది ఆ క్షణంలోనే.

మన ఊరి పేర్లతో కార్డులు రాస్తే హుషారు వస్తుంది. ప్రకాశం బ్యారేజీకి కృష్ణ, నది, వంతెన, ఆనకట్ట, విజయవాడ రాయండి. "70 గేట్లుంటాయి, వరదొస్తే ఎత్తుతారు, సీతానగరం వెళ్ళాలంటే దీని మీదుగా పోవాలి" అని చెప్పించొచ్చు. ఎవరో "బెజవాడ" అంటారు. విజయవాడలోని 'వాడ' అందులో కలిసింది, కాబట్టి తప్పే. గుంటూరు మిర్చి యార్డు, కొండపల్లి బొమ్మ, ఉండవల్లి గుహలు, మంగళగిరి పానకాల స్వామి ఇలా రాసుకుంటూ పోవాలనిపిస్తుంది. మొత్తం 108 కార్డులు వేసుకుంటాం, వాటిలో ఇవి 12 దాటనివ్వకండి. వేరే జిల్లా నుంచి వచ్చిన చుట్టాలకు అవి తెలియకపోతే ఆటలో వాళ్ళు పరాయివాళ్ళవుతారు.

108 ఎందుకంటే, ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. 70 × 99 కొలతతో కోస్తే షీటుకు సరిగ్గా తొమ్మిది కార్డులు వస్తాయి, ముక్క వృథా కాదు. 12 షీట్లకు 108. జట్టుకు నలుగురు చొప్పున రెండు జట్లు, ఒక్కొక్కరికి రెండు వంతులు వేసుకుంటే 16 వంతులు. నిమిషానికి ఐదారు కార్డులు తిరిగితే ఒక సాయంత్రానికి చాలు. కాగితం మందంగా, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్నది కావాలి. మామూలు జిరాక్స్ కాగితమైతే ట్యూబులైటు వెలుగులో వెనక నుంచి అక్షరాలు కనపడిపోతాయి. అక్షరాల సైజు పై మాటకు 24 పాయింట్లు, వద్దుమాటలకు 16 పాయింట్లు పెట్టండి, అంతకంటే చిన్నదైతే వత్తులు కలిసిపోయి బజర్ మనిషి చదవలేరు. అంచు చుట్టూ గీత వద్దు, కోత ఒక మిల్లీమీటరు జరిగినా వంకర బయటపడుతుంది. 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేయిస్తే ఫైలును పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు పిచ్చి గీతలైపోతాయి.

ఆడించేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. మనం చేతులతో మాట్లాడతాం, సైగలేమో నిషిద్ధం. కార్డును రెండు చేతులతో పట్టుకోమనండి, సగం సైగలు ఆగిపోతాయి. "ఆ తో మొదలవుతుంది", "దేనితో ప్రాస కుదురుతుంది", "ఎన్ని అక్షరాలు" ఇవేవీ చెల్లవు. బజర్ లేకపోతే స్టీలు పళ్ళెం, గరిటె చాలు. గడువు మొదలుపెట్టే ముందు బజర్ మనిషికి మొదటి కార్డు చదువుకోవడానికి ఐదు సెకన్లు ఇవ్వండి, లేకపోతే తప్పు జరిగాక తేరుకుంటారు.

పాయింట్లు ఇలా. జట్టు చెబితే వాళ్ళకు ఒకటి, బజర్ మోగితే అవతలి వాళ్ళకు ఒకటి. కార్డు వదిలేసినా అవతలి వాళ్ళకే పాయింటు. ఇళ్ళల్లో ఈ చివరిది తీసేస్తారు. అప్పుడు తేలిక కార్డు దొరికేదాకా తిప్పుకుంటూ పోతారు. వంతుకు ఒక్కటి ఉచితంగా వదలనివ్వండి, రెండోదానికి పాయింటు పోవాల్సిందే.

భార్యాభర్తల్ని ఒకే జట్టులో వేయకండి. "మొన్న మీ పిన్ని వాళ్ళింట్లో ఒలికిందే" అంటే ఆయనకు తెలుస్తుంది, మిగతా వాళ్ళు చూస్తూ కూర్చోవాలి. తెలుగు నిదానంగా చదివే పిల్లలకు 90 సెకన్లు ఇచ్చి, మూడు వద్దుమాటలే ఉన్న కార్డులు వేరే రంగులో వేయించండి.

మొదటిసారి ఆడినప్పుడు పెన్సిలు దగ్గర పెట్టుకోండి. అయిదు సెకన్లలోపు తేలిపోయిన కార్డుకు ఒక గీత, ఇద్దరు వదిలేసిన కార్డుకు రెండు గీతలు. ఒక గీత కార్డులో ఆడేవారు వాడిన మాటే కొత్త వద్దుమాట కావాలి, రెండు గీతల కార్డులో ఒకటి సడలించాలి. ఆ తర్వాతే 300 జీఎస్ఎం మీద అచ్చుకు ఇవ్వండి.