పచ్చదీపం నిజం చెప్పాలంటే: మోడల్ రైల్వేలో ఆటోమేటిక్ బ్లాక్ సిగ్నళ్లు

అందరికీ నమస్కారం.

మోడల్ లే-అవుట్‌లో సిగ్నళ్లు పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా సిగ్నల్ స్తంభాలు కొంటారు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, దీపాలు వెలుగుతాయి, పని అక్కడి నుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది. నేను మాత్రం దీపాలను ఆఖరికి ఉంచమంటాను. పట్టా మీద బండి ఉందో లేదో తప్పు లేకుండా తెలుసుకోవడమే ఇందులో అసలైన పని. అది కుదిరితే మిగతాది తేలిక. కుదరకపోతే ఎంత ఖరీదైన సిగ్నలైనా అబద్ధమే చెబుతుంది.

సూత్రం చిన్నదే. లైనును బ్లాకులుగా విడగొడతాం. ప్రతి బ్లాకు మొదట్లో ఒక సిగ్నల్ ఉంటుంది. ఆ బ్లాకులో బండి ఉంటే ఎరుపు. అది ఖాళీగా ఉండి, దాని తర్వాతి బ్లాకులో బండి ఉంటే పసుపు. రెండూ ఖాళీ అయితే పచ్చ. మీట లాగే మనిషి అక్కర్లేదు, బండే తన వెనక ఎరుపు వేసుకుంటూ పోతుంది. కొన్ని దేశాల రైల్వేల్లో రెండు పసుపు దీపాలతో నాలుగో సూచన కూడా ఉంది కానీ, మొదటిసారి కట్టేవాళ్లకు మూడు చాలు.

అసలు రైల్వేలో బండిని పసిగట్టేది ట్రాక్ సర్క్యూట్. అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. బ్లాకుకు ఒక చివర రెండు పట్టాలకూ కలిపి బ్యాటరీ, రెండో చివర రిలే, అంటే కరెంటు అందితే పైకి లేచి, అందకపోతే పడిపోయే స్విచ్. బ్లాకు ఖాళీగా ఉన్నంతసేపు కరెంటు ఒక పట్టా వెంట వెళ్లి, రిలే గుండా, రెండో పట్టా వెంట తిరిగొస్తుంది. ఆ కరెంటుతో రిలే పైకి లేచి ఉంటుంది. బండి రాగానే ఇనుప చక్రాలు, ఇరుసు కలిసి రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు ఆ దగ్గరి దారినే వెళ్లిపోతుంది, రిలేకు అందదు, రిలే పడిపోతుంది, ఎరుపు వెలుగుతుంది. దీని గొప్పతనమంతా ఇక్కడే ఉంది: బ్యాటరీ అయిపోయినా, వైరు తెగినా, పట్టా విరిగినా రిలే పడిపోయేదే, ఎరుపు వచ్చేదే. పచ్చ వెలగాలంటే అన్నీ బాగున్నాయని కరెంటు అంత దూరం వెళ్లొచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆ రోజుల్లోనే ఇంత లోతుగా ఆలోచించిన మనిషంటే నాకు చాలా గౌరవం.

మన మోడల్లో ఇదే సర్క్యూట్ పెట్టలేం. మన పట్టాల్లో పారే కరెంటే ఇంజన్ మోటారును నడపాలి కాబట్టి, చక్రాలు రెండు పట్టాలనూ కలిపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకే రెండు పట్టాల మోడళ్లలో ప్రతి ఇరుసుకూ ఒక వైపు చక్రమైనా ఇన్సులేట్ చేసి ఉంటుంది. మనకున్న దారి, బ్లాకులోకి ఎంత కరెంటు వెళుతోందో చూడటం. మోటారు కరెంటు తీసుకుంటోందంటే అక్కడ బండి ఉన్నట్టే. ఫీడర్ వైరు (బ్లాకుకు కరెంటు తెచ్చే వైరు) మధ్యలో, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు రెండింటిని సమాంతరంగా, ఒకదానికొకటి ఎదురు దిశలో తిప్పి పెడితే, కరెంటు పారినప్పుడు వాటి మీద సుమారు 0.7 వోల్టులు వస్తుంది. ట్రాన్సిస్టరును ఆన్ చేయడానికి అది సరిపోతుంది. 1950ల్లో మోడల్ రైల్వే రచయిత లిన్ వెస్ట్‌కాట్ రూపొందించిన ట్విన్-టి డిటెక్టరు కరెంటును చూసి బండిని పసిగట్టేవాటిలో బాగా పేరుపడింది. డీసీసీ (పట్టాల ద్వారానే డిజిటల్ ఆదేశాలు పంపి ఒక్కో ఇంజన్‌నూ విడిగా నడిపే పద్ధతి) లే-అవుట్లలో ఫీడర్ వైరును చిన్న కాయిల్ గుండా దూర్చి పసిగట్టే డిటెక్టర్లూ ఉన్నాయి. వాటితో పట్టాకు అందే వోల్టేజీ తగ్గదు కాబట్టి నా ఓటు వాటికే.

డీసీసీ వాడేవాళ్లకు ఇంకో సుఖం ఉంది. పట్టాల్లో వోల్టేజీ ఎప్పుడూ ఉంటుంది, ఆగి ఉన్న ఇంజన్‌లో ఆ ఆదేశాలు అందుకునే డీకోడర్ కూడా కొద్దిగా కరెంటు తీసుకుంటుంది. పట్టాల వోల్టేజీని పెంచి తగ్గించి బండి నడిపే మామూలు డీసీలో కంట్రోలర్‌ను సున్నాకు తిప్పితే పట్టాలో ఏమీ మిగలదు, ఆగిన బండి డిటెక్టరుకు కనిపించదు. అందుకని మోటారు కదలనంత చిన్న కరెంటును ఎప్పుడూ పట్టాల్లోకి పంపే డిటెక్టరునే డీసీకి ఎంచుకోవాలి.

ఇప్పుడు ఒక విషయం దగ్గర కాసేపు ఆగుదాం. రాబిన్సన్ సర్క్యూట్‌లో కరెంటు అందితే ఖాళీ, అందకపోతే బండి ఉన్నట్టు. మనదాంట్లో కరెంటు పారితే బండి ఉన్నట్టు, పారకపోతే ఖాళీ. మొత్తం తిరగబడింది. ఒక బ్లాకు ఫీడర్ వైరు సోల్డరింగ్ ఊడిపోయిందనుకోండి. అందులోకి వచ్చిన ఇంజన్ కరెంటు అందక నిలిచిపోతుంది. డిటెక్టరుకు కరెంటు కనిపించదు కాబట్టి బ్లాకు ఖాళీ అంటుంది. కదలలేని బండి వెనక పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. అసలు రైల్వేలో ఏది ఎప్పటికీ జరగకూడదని అంత జాగ్రత్తపడ్డారో, సరిగ్గా అదే.

దీన్ని పూర్తిగా పోగొట్టలేం కానీ చాలావరకు తగ్గించవచ్చు. బ్లాకు ఖాళీగా ఉన్నప్పుడు రిలే లేచి ఉండేలా, బండి ఉన్నప్పుడు పడిపోయేలా వైరింగ్ చేయండి. అప్పుడు డిటెక్టరుకు పవర్ సప్లై పోయినా, రిలే కాయిల్ తెగినా ఎరుపే వస్తుంది. డిటెక్టరు దాటాక ఫీడర్‌ను రెండుగా చీల్చి పట్టాకు రెండు చోట్ల సోల్డర్ చేయండి. ఒకటి ఊడినా రెండోది పనిచేస్తుంది.

ఇక వ్యాగన్ల సంగతి. ఇంజన్ కరెంటు తీసుకుంటుంది, దీపాలున్న బోగీ తీసుకుంటుంది, మామూలు వ్యాగన్ తీసుకోదు. కప్లింగ్ ఊడి నాలుగు వ్యాగన్లు లైను మీద మిగిలిపోతే డిటెక్టరుకు వాటి ఊసే తెలియదు. సిగ్నళ్లు అసలు కనిపెట్టింది ఇలాంటి ప్రమాదం కోసమే కదా! దీనికి మందు ఇరుసుకు అడ్డంగా ఒక రెసిస్టర్. లోహపు చక్రాల జత తీసుకుని, ఇన్సులేట్ చేసిన చక్రానికీ ఇరుసుకూ మధ్య 10 కిలో ఓంల చిన్న రెసిస్టర్ అంటించి, కరెంటు పారే పెయింటుతో రెండు వైపులా కలుపుతారు. 12 వోల్టుల దగ్గర అది 1.2 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 15 వోల్టుల డీసీసీలో 1.5 మిల్లీ ఆంపియర్లు, వేడి 0.0225 వాట్లు. కాబట్టి 1/8 వాట్ రెసిస్టర్ నిక్షేపంగా సరిపోతుంది. డిటెక్టరు కొనేముందు ఇంత చిన్న కరెంటును పట్టగలదో లేదో తప్పకుండా చూసుకోండి. అన్ని వ్యాగన్లకూ పెట్టగలిగితే మంచిది. కుదరకపోతే చివర ఉండే బ్రేక్ వ్యాన్‌కైనా పెట్టాలి, ఇందులో రాజీ వద్దు.

ముందు ఇంజన్, వెనక బ్రేక్ వ్యాన్ మాత్రమే డిటెక్టరుకు కనిపించే బండికి బ్లాకు పొడవు కీలకమవుతుంది. బండి బ్లాకు కన్నా పొడవైతే, ఇంజన్ ముందు బ్లాకులో, బ్రేక్ వ్యాన్ వెనక బ్లాకులో ఉండి, నడుమ బ్లాకు నిండా వ్యాగన్లున్నా ఖాళీ అని చూపిస్తుంది. అందుకే మీ దగ్గరున్న అతి పొడవైన బండి కన్నా ప్రతి బ్లాకూ పొడవుగా ఉండాలి, ఆగడానికి పట్టే దూరం కూడా కలుపుకుంటే ఇంకా మేలు. 2 మీటర్ల బండికి 3 మీటర్ల బ్లాకు హాయిగా ఉంటుంది.

ఎన్ని బ్లాకులు? ఒక గుండ్రటి లైనులో రెండు బండ్లు నడపాలనుకుందాం. నాలుగు బ్లాకులు చేసి, ఒక బండి ఒకటో బ్లాకులో, ఇంకోటి మూడో బ్లాకులో ఉందనుకోండి. మూడులో ఉన్న బండికి కనిపించేది నాలుగో బ్లాకు సిగ్నల్. నాలుగు ఖాళీ, దాని తర్వాత వచ్చే ఒకటిలో బండి ఉంది, కాబట్టి పసుపు. రెండో బండికీ ఇదే. ఇద్దరు డ్రైవర్లకూ ఒకేసారి పచ్చ కనిపించే అవకాశమే లేదు. అదే ఆరు బ్లాకులు చేస్తే, బండ్లు ఒకటిలో, నాలుగులో ఉన్నప్పుడు ఇద్దరి ముందూ రెండేసి బ్లాకులు ఖాళీగా ఉంటాయి, ఇద్దరికీ పచ్చే. బండికి మూడు బ్లాకుల లెక్కన వేసుకుంటే సిగ్నళ్లు మూడు రంగులూ చూపిస్తూ సజీవంగా ఉంటాయి. పట్టా కోయకముందే కాగితం మీద ఈ లెక్క వేసుకోండి.

బ్లాకుల మధ్య ఒక పట్టాలో గ్యాప్ పెడితే చాలు, రెండో పట్టా అంతటికీ ఉమ్మడిగా ఉండొచ్చు. కోసిన చోట చిన్న ప్లాస్టిక్ ముక్క దూర్చి జిగురు పెట్టండి, లేకపోతే వేడికి పట్టాలు సాగి గ్యాప్ మూసుకుపోవచ్చు. సిగ్నల్ దాటిన కాస్త తర్వాత గ్యాప్ ఉంటే, డ్రైవరు కళ్ల ముందే ఎరుపు పడకుండా ఇంజన్ సిగ్నల్‌ను దాటాక పడుతుంది.

లాజిక్‌కు వస్తే, ప్రతి బ్లాకుకూ రెండు ఛేంజోవర్ కాంటాక్టులున్న (రిలే లేస్తే ఒక దారికి, పడితే ఇంకో దారికి కరెంటును మళ్లించేవి) ఒక్క రిలే సరిపోతుంది. మొదటి కాంటాక్టు సొంత సిగ్నల్‌ది. రిలే పడిపోతే ఎరుపు, లేస్తే కరెంటు తర్వాతి బ్లాకు రిలే రెండో కాంటాక్టుకు వెళుతుంది. అది పడి ఉంటే పసుపు, లేచి ఉంటే పచ్చ. అంతే! ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఇష్టపడేవాళ్లు ఇదే షరతును రెండు వరుసల్లో రాసుకోవచ్చు. నాలుగు బ్లాకులకు దీపాలు 12, డిటెక్టర్లు 4, మొత్తం 16 పిన్లు. అనలాగ్ పిన్లను కూడా డిజిటల్‌గా వాడితే ఒక్క ఆర్డుయినో ఊనో బోర్డులో పడతాయి. ఎల్‌ఈడీలకు రంగుకొక రెసిస్టర్ పెట్టండి, మూడింటి వెలుగునూ సమానం చేసుకోవచ్చు.

అందరికీ టెన్షన్ పెట్టేది దీపాల మినుకు. చక్రాలకు మురికి పట్టి కరెంటు క్షణం తెగితే సిగ్నల్ ఎరుపు, పచ్చ, ఎరుపు అని కొట్టుకుంటుంది. పట్టాలు తుడవడం ఎలాగూ తప్పదు. దానితోపాటు కాలవ్యవధి కూడా పెట్టాలి, అదీ ఒక వైపే. బండి కనిపించగానే ఎరుపు వెంటనే రావాలి. ఖాళీ అయిందని ఒకటి రెండు సెకన్లు వరుసగా తేలాకే ఎరుపు తొలగాలి. రెండు వైపులా ఆలస్యం పెట్టేవాళ్లున్నారు, అది సరికాదని నా అభిప్రాయం. అనుమానం ఉన్నప్పుడు ఎరుపు, నమ్మకం కుదిరాకే పచ్చ.

డీసీలో ఎరుపు దగ్గర బండి దానంతటదే ఆగాలంటే సిగ్నల్ ముందున్న చిన్న పట్టా ముక్కకు రిలేతో కరెంటు ఆపుతారు. అప్పుడు ఆ ముక్క మీద ఆగిన ఇంజన్ డిటెక్టరుకు కనిపించకుండా పోతుంది. ఆ రిలే కాంటాక్టుకు అడ్డంగా 1 కిలో ఓం రెసిస్టర్ పెడితే మోటారు తిరగదు కానీ, డిటెక్టరుకు కావాల్సినంత కరెంటు పారుతుంది.

బ్లాకులో పాయింట్ (బండిని పక్క లైనుకు మళ్లించే పట్టాల అమరిక) ఉంటే, అది పక్క లైనుకు తిరిగి ఉన్నప్పుడు కూడా ఎరుపు రావాలి. పాయింట్ మోటారు కాంటాక్టును రిలే కాయిల్‌తో వరుసలో కలిపితే సరి. ఎదురెదురుగా బండ్లు నడిచే సింగిల్ లైనుకు మాత్రం ఈ అమరిక చాలదు. అక్కడ ఒక బండి బయల్దేరగానే అవతలి స్టేషన్ వరకు ఎదురు సిగ్నళ్లన్నీ ఎరుపవ్వాలి. దానికి దిశను గుర్తుపెట్టుకునే లాజిక్ వేరే కావాలి కాబట్టి, ముందు ఒకే దిశలో నడిచే లైను మీద చేయి తిప్పుకోండి.

పరీక్ష ఇంజన్‌తో చేయొద్దు. రెసిస్టర్ పెట్టిన ఒక్క వ్యాగన్‌ను చేత్తో మెల్లగా లైనంతా తోయండి. ప్రతి గ్యాప్ దగ్గరా ముందు బ్లాకు ఎరుపయ్యాకే వెనకది తొలగాలి. తర్వాత డిటెక్టర్ల పవర్ సప్లై పీకేయండి, అన్ని సిగ్నళ్లూ ఎరుపవ్వాలి. కంకర అతికించిన జిగురు తడి ఆరకముందు ఈ పరీక్షలు పెట్టుకోవద్దు. తడి గుండా కరెంటు లీకై, ఖాళీ బ్లాకులో కూడా బండి ఉందని చూపిస్తుంది. ఇవన్నీ నెగ్గాక సిగ్నల్ స్తంభాలు తెచ్చి నిలబెట్టండి. బల్ల అడుగున ప్లగ్ కనెక్టర్లు పెట్టుకుంటే, ఎప్పుడైనా దీపం మార్చాల్సి వచ్చినప్పుడు వైరింగ్ కదిలించకుండా స్తంభం ఒక్కటే బయటికి తీయొచ్చు.