ఎద నొప్పి, ‘గ్యాస్’ అనే మాట

శ్రోతలందరికీ నమస్కారం. కడప జిల్లాలో చాలా ఏళ్లుగా వైద్యం చేస్తున్న నాకు, ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి నోట మొట్టమొదట వినిపించే మాట బాగా అలవాటైపోయింది. ‘గ్యాస్ పట్టేసింది సార్’ అంటారు. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎంతసేపటి నుంచి ఉందో చెప్పక ముందే దానికొక పేరు పెట్టుకుని వస్తారు. ఆ పేరు చాలాసార్లు నిజమే కావచ్చు. కానీ అది నిజం కానప్పుడు చేజారిన సమయాన్ని తిరిగి తేవడం ఏ వైద్యుడి తరమూ కాదు కనుక, ఈరోజు ఆ విషయమే మీతో మాట్లాడాలని వచ్చాను.

ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనిలో పనిచేసే ఒకాయనను కొన్నేళ్ల కిందట ఆయన కొడుకు బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకువచ్చాడు. ఉదయం 8 గంటలకు కారం దోశ తిని పనికి బయలుదేరబోతుండగా ఆయనకు ఎదలో పట్టేసినట్టయింది. ఒక సోడా తాగితే త్రేన్పు వచ్చి కొంత తేలికైనట్టు అనిపించింది. మళ్లీ మొదలైతే వాము నమిలాడు, ఆ తరువాత ఈనో కలుపుకుని తాగి కాసేపు పడుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర. ‘మా నాయనకు కారం పడదు సార్’ అని కొడుకు చెబుతూనే ఉన్నాడు. నొప్పి ఎక్కడని అడిగితే ఆయన వేలు పెట్టి చూపించలేదు. పిడికిలి బిగించి ఎద నడుమ ఆనించాడు. ‘నొప్పి కాదు సార్, బండ ఎత్తి పెట్టినట్టుంది’ అన్నాడు. ఫ్యాను కింద కూర్చున్నా ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది; చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఈసీజీ తీస్తే, కాగితం మీద చదునుగా సాగవలసిన చోట గీత గుట్టలా పైకి లేచింది. అది గుండెపోటు.

ఆయన చేసిన పొరపాటు తెలివితక్కువతనం వల్ల జరిగింది కాదు. గుండె నుంచీ, అన్నం దిగే గొట్టం నుంచీ వచ్చే నరాలు వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోట చేరుతాయి కనుక, బాధ ఎక్కడి నుంచి వస్తున్నదో మెదడే సరిగా పోల్చుకోలేదు. పైగా గుండె అడుగు భాగం, పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే పలుచని కండర పొర మీద ఆని ఉంటుంది. ఆ భాగానికి రక్తం అందకపోతే వికారం, వాంతి, త్రేన్పులు, పొట్ట పైభాగంలో నొప్పి రావడం మామూలే. అందుచేత త్రేన్పు వచ్చింది కాబట్టి గ్యాసే అనడానికీ, మందు తాగితే తగ్గింది కాబట్టి గుండెకు సంబంధం లేదనడానికీ వీలులేదు. విచిత్రమేమంటే, దీనికి తారుమారుగా, అన్నవాహిక బిగదీసుకోవడం వల్ల వచ్చే నొప్పి గుండె జబ్బు వారు నాలుక కింద పెట్టుకునే మాత్రకు కూడా తగ్గుతుంది.

ఛాతీలో నొప్పి రావడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో గుండెకు సంబంధం లేనివే ఎక్కువ. ఆమ్లం పైకి తన్నడం వల్ల వచ్చే మంట సాధారణంగా తిన్న తరువాత, పడుకున్నప్పుడు పెరుగుతుంది. మూటలు మోసినవారికీ, పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసే చోట వాపు ఉన్నవారికీ వేలితో నొక్కితే సరిగ్గా ఆ చోటే కలుక్కుమంటుంది. న్యుమోనియా గానీ, ఊపిరితిత్తుల పైపొర వాపు గానీ ఉంటే గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా పొడిచినట్టు ఉంటుంది. మన ప్రాంతంలో ఆ పొర వాపు వెనుక క్షయ ఉండే అవకాశాన్ని కూడా మరచిపోకూడదు. గుండె చుట్టూ ఉన్న పొర వాచినవారికి ముందుకు వంగి కూర్చుంటే కొంత ఉపశమనం కలుగుతుంది. మనం సర్పి అని పిలిచే పొక్కుల జబ్బులో, ఒంటి మీద ఒక్క పొక్కు కూడా కనిపించక ముందే రెండు మూడు రోజులు ఒక పక్క మాత్రమే మంటగా నొప్పి ఉండవచ్చు. పిత్తాశయంలో రాళ్లు, తీవ్రమైన ఆందోళన కూడా ఛాతీ నొప్పిగా పైకి వస్తాయి.

గుండెపోటు కాకపోయినా ప్రాణం మీదికి తెచ్చేవి మరికొన్ని ఉన్నాయి. ఆపరేషను తరువాతనో, చాలా రోజులు మంచం మీదే ఉన్నాకనో కాలిలో ఏర్పడిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఉన్నట్టుండి ఆయాసం, నొప్పి వస్తాయి. బీపీ ఎక్కువగా ఉన్నవారిలో పెద్ద ధమని లోపలి పొర చీలితే వీపులోకి చీల్చుకుపోయినట్టు బాధ వస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉండే యువకులలో ఒక్కోసారి ఊపిరితిత్తి నుంచి గాలి బయటికి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఈ గుర్తులన్నీ మీకు చెప్పింది ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి కాదు. పాతికేళ్లు చూసిన వైద్యుడు కూడా పరీక్ష లేకుండా వీటిని వేరు చేయలేడని తెలియడానికి చెప్పాను.

అసలు నొప్పే లేని గుండెపోటు నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, పెద్ద వయసు వారిలో, ఆడవారిలో ఇది ఎక్కువ. మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు తీయడానికి నాలుగు మెట్లు ఎక్కేసరికి రొప్పు వచ్చి కూలబడిన ఒక జేజిని, ‘ఎండకు సత్తువ పోయింది’ అనుకుని ఇంట్లోవారు రెండు రోజులు మజ్జిగ తాగించి ఉంచారు. ఆమెకు ఎదలో ఏ బాధా లేదు. ఇంటిల్లిపాదికీ వండి పెట్టే ఆడమనిషి ‘ఏమో ఆయాసంగా ఉంది’ అన్నప్పుడు ఆ మాటను ఎవరూ ఆసుపత్రి దాకా తీసుకుపోకపోవడం నేను పదేపదే చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను.

ఎద నడుమ బరువు, బిగింపు లేదా నొప్పి కొన్ని నిమిషాలకు మించి ఉన్నా, వచ్చి పోతూ ఉన్నా, దవడకు, భుజానికి, చేతికి, వీపుకు పాకినా, చల్లని చెమట, ఆయాసం, వికారం, కళ్లు తిరగడం తోడైనా వెంటనే 108కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఈ సేవ 2005 నుంచి ఉంది. రోగిని నడిపించవద్దు, బండి నడపనీయవద్దు, బైకు మీద వెనక కూర్చోబెట్టవద్దు. దారిలో స్పృహ తప్పితే పట్టుకునే దిక్కు ఉండదు. పక్కింటివారు వాడే నాలుక కింది మాత్రను తెచ్చి పెట్టవద్దు, బీపీ పడిపోయి ఉన్నవారికి అది ప్రమాదం. ఆస్పిరిన్ నమలడం గుండెపోటులో మేలు చేస్తుంది గానీ, అది పడనివారికీ, రక్తస్రావం ఉన్నవారికీ హాని చేస్తుంది కనుక ఫోన్‌లో వైద్య సిబ్బందిని అడిగి వేయండి. మనిషి పలకకుండా, ఊపిరి లేకుండా పడిపోతే, ఛాతీ నడుమ ఒక అరచేతి మీద మరొక అరచేయి పెట్టి, పెద్దవారికైతే 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి.

ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఆసుపత్రిలో 10 నిమిషాల లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా వైద్యులు పాటించే నియమం. మీరు అడగడానికి మొహమాటపడవద్దు. గుండెపోటులో గుండె రక్తనాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను 12 గంటల లోపు ఇవ్వవచ్చు గానీ, మొదటి రెండు మూడు గంటలలో చేసే మేలు ఆ తరువాత చేయదు. మరొక మాట. మొదటి ఈసీజీ బాగుందంటే గుండెపోటు లేదని అర్థం కాదు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి విడుదలయ్యే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక, వైద్యులు ఉండమంటే ఉండండి, రెండోసారి రక్తం తీస్తామంటే విసుక్కోవద్దు.

అన్ని పరీక్షలూ బాగున్నాయని ఇంటికి పంపినవారిలో కొందరు మళ్లీ నొప్పి వస్తే సిగ్గుపడి రారు. ‘పోయినసారి ఊరికే కంగారు పెట్టావు’ అని ఇంట్లో అన్నా సరే, రండి. నొప్పి నిజమే, దాని మూలం గుండెలో లేదని తేలింది కాబట్టి పొట్టలోనో, కండరంలోనో, మనసులోని దిగులులోనో వెతకవలసిన పని వైద్యుడిది.

ఆ గని కార్మికుడికి ప్రాణం దక్కింది గానీ, గుండె కండరం కొంత పోయింది. ఇప్పుడు బండలు ఎత్తడు, లెక్కలు రాస్తాడు. మొన్న వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, నాలుగు మడతలు విప్పి, ఆనాటి ఈసీజీ నా ముందు పెట్టాడు. ఆ కాగితం మీది గీత ఎండకూ చెమటకూ సగం చెరిగిపోయింది. పాత ఈసీజీ ఉంటే కొత్తదానితో పోల్చి ఏది మారిందో క్షణంలో చెప్పవచ్చు కనుక, ఉన్నంతవరకైనా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టమన్నాను. కొడుకు కిటికీ దగ్గర వెలుతురులో కాగితాన్ని బల్ల మీద పరిచి, తండ్రి రెండు అంచులూ నొక్కి పట్టుకోగా, మూడు ఫోటోలు తీసుకున్నాడు.