మళ్లీ పెరిగిన బరువు ఎవరి తప్పు?

అందరికీ నమస్కారం. పెళ్లి నెల ఉందనగా ఒట్టి జ్యూసులతో గడిపేవాళ్లు, శనివారం ఒంటిపూటను వారమంతా సాగదీసేవాళ్లు మన తిరుపతిలోనూ ఎక్కువయ్యారు. నెలలో ఎన్ని కిలోలు తగ్గారని అందరూ అడుగుతారు. అయిదేళ్ల తర్వాత ఎంత ఉన్నారని మాత్రం ఎవరూ అడగరు.

తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ఒళ్లు దాన్ని కరువుగానే తీసుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి చూశారు. ఏడాది గడిచినా వాళ్ల ఆకలి హార్మోన్లు మునుపటి స్థాయికి రాలేదని 2011లో ప్రకటించారు. అమెరికాలో ఒక టీవీ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఊరికే కూర్చున్నా ఒళ్లు ఖర్చుచేసే కేలరీలు వాళ్లలో ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 తక్కువ ఉన్నాయి! కాబట్టి మళ్లీ లావైన కోడలినో తమ్ముడినో పట్టుకుని "నోరు కట్టుకోలేదు" అనకండి. అది అన్యాయం.

ఇక బరువు తగ్గించే ఆపరేషన్. అందులో స్లీవ్ అనే రకంలో జీర్ణాశయం నాలుగింట మూడొంతులు తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన అధ్యయనంలో, బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు 20 ఏళ్ల తర్వాత కూడా సగటున 18 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. చేయించుకోనివాళ్లలో తగ్గింది ఒక్క శాతమే. మొదటి ఏడాది, రెండేళ్లలో బాగా తగ్గి తర్వాత కొంత పెరగడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

అయితే ఆపరేషన్‌తో పని అయిపోదు. బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. పళ్లెంలో సంగటి కన్నా ముందు గుడ్డో పప్పో తినాలి. మాత్రలు మానేసి రక్తహీనతతో, కాళ్ల తిమ్మిర్లతో తిరిగొచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. డైటింగైనా ఆపరేషనైనా, బరువు వేగంగా పడిపోతే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

షుగర్ మందులు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టర్‌ను కలిసి మోతాదు సరిచేయించుకోండి, లేదంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.