పంచదార, ఈస్ట్‌తో మొక్కల అక్వేరియానికి సీఓటూ: ఇంట్లోనే తయారు చేద్దాం

నమస్కారం అండి. నా వెనకాల ఉన్న తొట్టి 60 లీటర్లది. ఆకుల మీద ముత్యాల్లా మెరుస్తున్నాయి చూడండి, అవి మొక్కలు వదిలే ఆక్సిజన్ బుడగలు. ఆ మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందిస్తున్నది కింద ఉన్న ఈ కూల్ డ్రింక్ బాటిలే. సిలిండర్ ఏమీ లేదు.

రెండు లీటర్ల కూల్ డ్రింక్ బాటిల్ తీసుకోండి. గాజు సీసా మాత్రం వద్దు. కూల్ డ్రింక్ బాటిల్ గ్యాస్ ఒత్తిడికి తట్టుకునేలా చేసిందే. గాజు పగిలితే ముక్కలు ముఖానికి తగులుతాయి. ఇంకో అరలీటరు బాటిల్, ఎయిర్ పైపు, ఒక నాన్ రిటర్న్ వాల్వ్ కావాలి.

మూతకు వేడి మేకుతో రంధ్రం పెడదాం. రంధ్రం పైపు కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి. పైపు చివర ఏటవాలుగా కోసి, రంధ్రంలో దూర్చి, అవతలి నుంచి పట్టకారుతో లాగండి. చూశారా, ఎంత బిగుతుగా పట్టిందో! పైన ఎంసీల్ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఈ పని తొందరపడి చేయకండి. గ్యాస్ సరిగ్గా రావట్లేదని నాకు చెప్పినవాళ్ల బాటిళ్లు చూస్తే, చాలావరకు మూత దగ్గరే లీకు ఉండేది.

ఇప్పుడు చిన్న బాటిల్. దీని మూతకు రెండు పైపులు. పెద్ద బాటిల్ నుంచి వచ్చేది నీళ్లలో మునగాలి, తొట్టికి వెళ్లేది నీళ్లకు పైనే ఆగాలి. సగం వరకు మామూలు నీళ్లు పోయండి. మొదటిసారి నేను ఇది అనవసరం అనుకుని వదిలేశాను. ఒక రాత్రి ఈస్ట్ నురగ పొంగి నేరుగా తొట్టిలోకి వెళ్లింది. తెల్లారేసరికి నీళ్లు పాలలా తెల్లగా అయిపోయాయి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అప్పటి నుంచి ఈ చిన్న బాటిల్ లేకుండా నేను ఎవరికీ చేసివ్వను. బుడగలు లెక్కపెట్టుకోవడానికీ ఇదే పనికొస్తుంది.

చిన్న బాటిల్‌కీ తొట్టికీ మధ్య వాల్వ్ పెట్టండి. గ్యాస్ ఆగినప్పుడు తొట్టి నీళ్లు వెనక్కి రాకుండా ఆపుతుంది.

పెద్ద బాటిల్‌లో 200 గ్రాముల పంచదార, అర చెంచా వంటసోడా వేసి, మూడింట రెండు వంతుల వరకు గోరువెచ్చని నీళ్లు పోసి కరిగించండి. అర చెంచా ఈస్ట్‌ను విడిగా కాసిన్ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కలపండి. నీళ్లు వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది. మూత బిగించాక అతుకుల మీద సబ్బు నీళ్లు రాయండి, లీకుంటే అక్కడ బుడగ లేస్తుంది.

కొన్ని గంటల్లో గ్యాస్ మొదలవుతుంది. పైపు చివరను లోపలి ఫిల్టర్ నీళ్లు పీల్చుకునే చోట పెడితే, ఫ్యాన్ బుడగలను నలిపి నీళ్లలో కలిపేస్తుంది. ఈ సైజు తొట్టికి మొదట రెండు, మూడు సెకన్లకు ఒక బుడగ చాలు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. రాత్రి గ్యాస్ వద్దని పైపు మడిచి కట్టేయకండి. ఈస్ట్ ఆగదు, లోపల ఒత్తిడి పెరిగి బాటిల్ పేలుతుంది. లైటు ఆపాక ఎయిర్ పంపు వేయండి, ఎక్కువైన గ్యాస్ బయటికి పోతుంది. డ్రాప్ చెకర్ (నీళ్లలో సీఓటూ ఎంత ఉందో రంగుతో చూపే చిన్న పరికరం) ఉంటే నీలం రంగు తక్కువ, ఆకుపచ్చ సరిపోయింది, పసుపు ఎక్కువైంది అని అర్థం. చేపలు పైకొచ్చి ఆయాసపడుతుంటే రంగు కోసం చూడకండి. గ్యాస్ పైపు తొట్టిలోంచి తీసేసి, ఎయిర్ పంపు వేసి, మూడో వంతు నీళ్లు మార్చండి.

మిశ్రమం రెండు, మూడు వారాలు పనిచేస్తుంది. ఈస్ట్ పంచదారను తిని గ్యాస్‌తో పాటు ఆల్కహాల్ కూడా తయారుచేస్తుంది, అది పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసిస్తుంది. మన ఎండాకాలంలో బుడగలు వేగంగా వచ్చి త్వరగా అయిపోతాయి, అప్పుడు ఈస్ట్ పావు చెంచాకు తగ్గించండి. నేను వారం తేడాతో రెండు బాటిళ్లు ఇంగ్లిష్ T ఆకారంలో ఉండే పైపు ముక్కకు తగిలించి నడుపుతాను. ఇదిగో రెండోది, పొద్దున కలిపాను, ఇప్పుడే మొదటి బుడగ వచ్చింది.