పడవ కాపురం, హరికేన్ గండం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో, దానికి దక్షిణాన కరీబియన్ దీవుల్లో, ఇల్లు వదిలేసి తెరచాప పడవలోకి కాపురం మార్చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. పన్నెండు మీటర్ల పడవ అంటే చిన్నదేమీ కాదు. లోపల గ్యాస్ పొయ్యి, నాలుగైదు వందల లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, రెండు పడక గదులు పడతాయి. పైన కూర్చునే చోట ఎండకు గుడ్డ పందిరి, వెనక ఇనుప చట్రం మీద సోలార్ పలకలు, దాని కింద వేలాడే చిన్న రబ్బరు పడవ ఉంటాయి. పడవను ఇల్లుగా మార్చేవి ఈ సౌకర్యాలే. హరికేన్ వస్తోందంటే మొదట పీకి పారేయాల్సినవీ ఇవే.

హరికేన్ అంటే మరేదో కాదు, మన తుపానే. అట్లాంటిక్‌లో గాలి గంటకు 119 కిలోమీటర్లు దాటితే దానికి ఆ పేరు పెడతారు. అక్కడ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. సెప్టెంబర్ రెండో వారం మరీ గడ్డుకాలం. అయినా క్యాలెండర్‌ను నమ్ముకుని కూర్చోడానికి లేదు. 2024లో బెరిల్ అనే హరికేన్ జులై 1నే గ్రెనడా దేశపు కరియాకూ దీవి మీద పడింది. అక్కడి టిరెల్ బే పక్కన మడ అడవుల్లో దాక్కున్న పడవలు కూడా ఒకదాని మీదొకటి పడి నుగ్గయ్యాయి.

గాలి ఇంత పని ఎలా చేస్తుంది? వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 47 కిలోల బరువుతో నెడితే, 200 కిలోమీటర్ల గాలి దాదాపు 190 కిలోల బరువుతో నెడుతుంది. ముందు తెరచాపను చాలా పడవల్లో దాని తీగ చుట్టూ చాపలా చుట్టేసి ఉంచుతారు. దాని ఎత్తు పదిహేను మీటర్లు, మందం పది సెంటీమీటర్లు అనుకుంటే, చుట్టి ఉన్నప్పుడే గాలికి ఒకటిన్నర చదరపు మీటర్లు దొరుకుతుంది. అంటే దాదాపు మూడు వందల కిలోలు, అదీ పడవ ముక్కు దగ్గర. అంతటితో అయిపోతే నయమే. గాలి ఆ చుట్టలోకి వేలు దూర్చి ఒక మడత విప్పిందంటే, నిమిషాల్లో చాప మొత్తం విచ్చుకుంటుంది. లంగరు వేసి ఉన్న పడవ అటూ ఇటూ పరుగులు పెట్టి లంగరును పీకేస్తుంది. తాడుతో గట్టిగా చుట్టి కట్టాం కదా అని వదిలేసిన పడవలు ఇలాగే పోతుంటాయి. చాపను పూర్తిగా దించి, మడిచి, లోపల పెట్టాల్సిందే.

ఇందులో ఒక చిక్కుంది. చుట్టిన చాపను దించాలంటే ముందు దాన్ని పూర్తిగా విప్పాలి. గాలి ముప్పై కిలోమీటర్లు దాటితే ఆ పని ఇద్దరి చేతుల్లోనూ ఆగదు. అందుకే పనుల వరుసను గాలిని బట్టి పెట్టుకోవాలి. మొదట చాపలు, తర్వాత పందిరి గుడ్డ, సోలార్ పలకలు, రబ్బరు పడవ, దాని మోటారు. తాళ్ల పని గాలి మొదలయ్యాక కూడా చేసుకోవచ్చు. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకోసారి సూచన విడుదల చేస్తుంది, ఐదు రోజుల ముందు నుంచే పటం మీద దారి గీసి చూపిస్తుంది. 'హరికేన్ వాచ్' అనే హెచ్చరిక గంటకు 63 కిలోమీటర్ల గాలులు మొదలవడానికి 48 గంటల ముందు, 'వార్నింగ్' 36 గంటల ముందు వస్తాయి. వాచ్ వచ్చేదాకా ఆగితే చాపలు దించే సమయం అప్పటికే సగం దాటిపోయినట్టు. ఆ పటంలో శంఖం ఆకారంలో కనిపించేది తుపాను కేంద్రం వెళ్లగల దారి మాత్రమే. గాలి, వాన, ఉప్పెన దానికి చాలా దూరం దాకా పాకుతాయి. గీత పక్కన ఉన్నాం కదా అని గుండె మీద చెయ్యి వేసుకోవడానికి లేదు.

ఇక పడవను ఎక్కడ ఉంచాలన్నది. దీనికి అందరూ ఒప్పుకునే జవాబు ఒకటి లేదు, ఉన్న చోట్లలో తక్కువ చెడ్డది ఎంచుకోవడమే. ఒడ్డుకు ఎక్కించే వీలుంటే ఎక్కించడం మేలని మా అభిప్రాయం. కాకపోతే పడవలను ఒడ్డున నిలిపే యార్డు ఎత్తుగా ఉండాలి. లేకపోతే ఉప్పెన నీళ్లు వచ్చి పడవను ఊతకర్రల మీంచి తేల్చి పక్కవాటి మీద పడేస్తాయి. ఊత స్టాండ్లను ఎదురెదురుగా గొలుసుతో కట్టాలి, లేకపోతే కాళ్లు బయటకు జారతాయి. ప్రతి కాలి కింద ప్లైవుడ్ ముక్క వేయాలి, నానిన నేలలో దిగిపోకుండా. స్క్రూలా తిప్పి నేలలోకి దించిన లంగర్లకు పడవను బెల్టులతో కట్టాలి. కరీబియన్‌లో కొన్ని యార్డులు పడవ అడుగు దిమ్మె దిగేలా గుంట తవ్వి, పడవను అందులో కూర్చోబెడతాయి. తెరచాప కొయ్యను కూడా దించేయగలిగితే ఇంకా మంచిది. ఆ గాలికి అది తీగలా వణుకుతుంది. ఆ వణుకే పడవను స్టాండ్ల మీంచి కొద్దికొద్దిగా జరిపేస్తుంది.

నీళ్లలోనే ఉంచాల్సి వస్తే అసలు లెక్క ఉప్పెనతో వేసుకోవాలి. మన కోస్తాలో 1977 దివిసీమ ఉప్పెన చూసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. 2022 సెప్టెంబర్‌లో ఇయన్ వచ్చినప్పుడు ఫోర్ట్ మయర్స్ బీచ్ దగ్గర నీళ్లు నేల మీద మూడు నుంచి నాలుగున్నర మీటర్ల ఎత్తుకు లేచాయి. లంగరు మోకు పొడవు నీటి లోతుకు పదింతలు ఉండాలంటారు. చాలామంది ఆ లోతును మామూలు రోజు లోతుగా తీసుకుంటారు. లోతు మూడు మీటర్లు, పడవ ముక్కు నీటి మీద ఒకటిన్నర మీటర్లు, కలిపి నాలుగున్నర, కాబట్టి నలభై ఐదు మీటర్లు చాలనుకుంటారు. మూడు మీటర్ల ఉప్పెన వచ్చిందంటే మొత్తం ఏడున్నర అవుతుంది, అదే మోకు పదింతల నుంచి ఆరింతలకు పడిపోతుంది. లంగరు మీద లాగు పైకి తిరుగుతుంది, అది బురదలోంచి లేస్తుంది. కావాల్సింది డెబ్భై ఐదు మీటర్లు.

రేవులో గట్టుకు కట్టేవాళ్లకూ ఇదే లెక్క, వేరే రూపంలో. పడవకూ గుంజకూ మధ్య తాడు మూడు మీటర్లే ఉంటే, నీళ్లు మూడు మీటర్లు లేచినప్పుడు దానికి ఇంకో ఒకటింబావు మీటర్లు కావాలి. లేకపోతే తాడైనా తెగుతుంది, పడవ అంచైనా నీళ్లలోకి వంగుతుంది. అదే తాడు పది మీటర్లయితే అదనంగా కావాల్సింది నలభై నాలుగు సెంటీమీటర్లే. నైలాన్ సాగి ఆ మాత్రం ఇచ్చేస్తుంది. అందుకే పక్కన పడవలు లేని ఖాళీ జాగాల మీదుగా, ఎదుటి గట్టు దాకా పొడవాటి మోకులు లాగి, సాలెగూడు మధ్యలో సాలీడులా పడవను నిలబెడతారు.

మడ అడవుల కాలువల్లో దాచడం పాత పద్ధతి. తుపాను వస్తోందంటే మన తీరంలోనూ బెస్తవాళ్లు పడవలను ఉప్పుటేరుల్లోకి తీసుకుపోయి కట్టేస్తారు కదా, అదే తెలివి. ఒక్క మానుకు కాకుండా, ఐదారు మానులకు, వేళ్లకు దగ్గరగా, కింద కట్టాలి. ఫ్లోరిడాలో మడ చెట్లు నరకడం నేరం, ఆ సంగతి గుర్తుండాలి. అక్కడికి చేరాలంటే తొందరగా బయల్దేరాలి. జనాన్ని ఖాళీ చేయించడం మొదలుపెట్టాక రోడ్ల మీద కార్లు ఆగకూడదని, పడవల కోసం ఎత్తే వంతెనలను దించి ఉంచేస్తారు. తెరచాప కొయ్య ఉన్న పడవ వంతెనకు ఇవతలే చిక్కుకుపోతుంది. మరో సంగతి, మంచి కాలువలో జాగా అందరికీ కావాలి. 2017లో ఇర్మా వచ్చినప్పుడు బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోని పరకీటా బేలో వందల అద్దె పడవలు బారులుగా కట్టి ఉన్నాయి. ఒకటి తెగితే పక్కదాన్ని తెంచుకుపోయింది. మీ తాళ్లు ఎంత గట్టివైనా, పైగాలి వైపు ఉన్న పక్కవాడి తాళ్లు గట్టివి కాకపోతే లాభం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, తాడు ఎక్కడ తెగుతుందన్నదానికి. నడిమధ్యలో తెగడం అరుదు. పడవ అంచున తాడు ఒక లోహపు గాడిలోంచి వంగి బయటకు పోతుంది. తెగేది అక్కడే. అల వచ్చినప్పుడల్లా నైలాన్ సాగుతుంది, తగ్గుతుంది. ఒక్కో సాగుకు ఆ గాడిలో రెండు మూడు వేళ్ల వెడల్పున రుద్దుకుంటుంది. నిమిషానికి పది అలలనుకున్నా పన్నెండు గంటలకు ఏడు వేల రుద్దుళ్లు. పైగా సాగే నైలాన్ లోపల నుంచే వేడెక్కుతుంది. వాన నీళ్లు తడుపుతూ ఉంటే కొంత చల్లారుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తాడుకు తోట ప్లాస్టిక్ గొట్టం తొడగడం. చూడ్డానికి భద్రంగానే ఉంటుంది, కానీ గొట్టం వాన నీటిని ఆపి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. తర్వాత చూస్తే కొసన పోగులు కరిగి గాజులా గట్టిపడి ఉంటాయి. పాత ఫైరింజన్ గొట్టపు గుడ్డ ముక్కగానీ, మందపాటి కాన్వాసుగానీ, తోలుగానీ చుట్టి, రెండు కొసల్లోనూ తాడుకే కుట్టాలి. గాడికి అటూ ఇటూ చెరో అర మీటరు ఉండాలి, తాడు సాగినప్పుడు తొడుగు గాడి దాటిపోకుండా. ఇంకా మంచిది, గాడిలోంచి పోయే భాగాన్ని తక్కువ సాగే పాలియెస్టర్ తాడుతో చేసి, బయట దాన్ని నైలాన్‌కు కలపడం. కలిపేటప్పుడు ముడి వేయొద్దు, ముడి తాడు బలాన్ని సగానికి దగ్గరగా తగ్గిస్తుంది. పోగులు విప్పి అల్లుకోవాలి. తాడు కట్టే క్లీట్ కింద డెక్కు లోపలి వైపు వెడల్పాటి లోహపు పలక ఉందో లేదో కూడా చూసుకోవాలి. చిన్న వాషర్లతో బిగించిన క్లీట్, తాడుతో సహా ఊడి వచ్చేస్తుంది.

ఇక లోపలి పని. కూర్చునే చోట నీళ్లు పోయే రంధ్రాల్లో ఒక్క ఆకు ఇరుక్కున్నా చాలు. మూడు చదరపు మీటర్ల తొట్టిలో ఇరవై సెంటీమీటర్ల వాన అంటే ఆరు వందల కిలోలు. పడవ అడుగున ఉండే నీటి కవాటాలన్నీ మూసేయాలి, ఆ తొట్టి రంధ్రాలకు సంబంధించినవి తప్ప. ఇంజను పొగ గొట్టానికి చెక్క బిరడా కొట్టాలి, అలలు నీళ్లను ఇంజనులోకి నెట్టకుండా. అడుగు నీళ్లు తోడే పంపు గురించి ఎవరికీ భ్రమ ఉండకూడదు. రేవులో కరెంటు ముందే పోతుంది, సోలార్ పలకలు దించేశాం. పంపు పది ఆంపియర్లు తాగితే, రెండు వందల ఆంపియర్-గంటల మామూలు బ్యాటరీలో వాడుకోదగ్గ సగం పది గంటల్లో అయిపోతుంది. పైగా అది వాన నీళ్లకే. నీటి మట్టానికి అర మీటరు కింద రూపాయి బిళ్లంత చిల్లు పడినా నిమిషానికి ముప్పై లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు లోపలికి వస్తాయి.

తుపాను కన్ను మీదుగా పోతే ఇంకో గండం. హోరు ఒక్కసారిగా ఆగుతుంది, ఎండ కూడా కాయొచ్చు. కాసేపటికి గాలి సరిగ్గా ఎదుటి దిక్కు నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా గాలి వచ్చిన వైపే నాలుగు మోకులు కట్టినవాడి పడవకు ఇప్పుడు వెనక ఒక్కటే ఉంటుంది. అందుకే అన్ని దిక్కులకూ కట్టాలి.

పడవలో ఉండి కాపాడుకుందామనే ఆశ ఇల్లే పడవైనవాళ్లకు సహజం. కానీ గంటకు రెండు వందల కిలోమీటర్ల గాలిలో డెక్కు మీద మనిషి నిలబడలేడు, తాడు మార్చలేడు. పాస్‌పోర్టులు, పడవ కాగితాలు, మందులు, బీమా పత్రం, పడవ లోపలా బయటా తీసిన ఫోటోలు వెంట తీసుకుని ఒడ్డెక్కేయాలి. గ్యాస్ సిలిండర్ కవాటం బిగించి, ఏ కవాటాలు మూశారో, ఎక్కడ బిరడా కొట్టారో ఒక చీటీ మీద రాసి ఇంజను తాళానికి కట్టాలి. తిరిగి వచ్చిన రోజు అలసటలో మొదట చేతికి తగిలేది ఆ తాళమే. పొగ గొట్టంలో బిరడా ఉందని మరచి ఇంజను తిప్పితే, తుపాను పాడుచేయని ఇంజను మన చేత్తోనే పోతుంది.

నమస్కారం.